గుజ్జు ఫ్యాక్టరీ రిజిస్టరులో ‘నేను’

పోయిన నెల తిరుపతిలో కొందరు కుర్రవాళ్లు ఒక నవల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నా అర్హత మామిడి గుజ్జు. చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టు కెమిస్టుగా చేరి, ముప్పై నాలుగు సీజన్లు చేసి బయటికొచ్చాను. సాహిత్యానికి నేను చేసిన సేవ ఏదైనా ఉంటే, ఇంతకాలం దాని జోలికి పోకపోవడమే.

నవల వెయ్యి పేజీల పైమాట. ఒకడు తన బుర్రతో, తన రెండు చేతులతో ఒక పరిశ్రమ కడతాడు. మిగతా లోకమంతా అతని కాళ్లకు అడ్డం పడుతూ ఉంటుంది. నడుమ అతను తన జీవిత తత్వాన్ని పన్నెండు పేజీల పాటు చెబుతాడు. వినేవాళ్లలో ఒక్కరికి కూడా దగ్గు రాదు. ఇలాంటి పుస్తకాలు మా డిగ్రీ రోజుల్లో హాస్టలు గదుల్లో చేతులు మారుతూ తిరిగేవి. తర్వాత చాలాకాలం ఎక్కడా కనబడలేదు. ఇప్పుడు మళ్లీ వచ్చాయి. తిరుపతి బస్టాండు బయట, పోటీ పరీక్షల గైడ్ల పక్కన, ఇటుకల్లాగా పేర్చి పెట్టి అమ్ముతున్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లు చదువుతున్నారు, సొంత కంపెనీ పెట్టాలనుకునేవాళ్లు చదువుతున్నారు, పెట్టి మూసేసినవాళ్లు ఇంకాస్త శ్రద్ధగా చదువుతున్నారు.

నన్ను పిలిచిన అమ్మాయి పేరు హరిణి. పుత్తూరు వైపు అమ్మాయి. ఒకప్పుడు నేను చేసిన ఉద్యోగంలోనే, వేరే ఫ్యాక్టరీలో చేరింది. బాలాజీ కాలనీలో ఒక మేడ మీద పదిహేను మంది కూర్చుని ఉన్నారు. గంటలో గది రెండుగా చీలిపోయింది. పరిశ్రమను నడిపేది ఒక్కడే అని సగం మంది, అందరూ కలిసే అని సగం మంది. ఎవరి మాట వింటే వాళ్లదే నిజమనిపించింది. నాకు కుర్చీలో కాలు నిలవలేదు. లేచి కిటికీ దగ్గరికి పోయి వచ్చాను, మళ్లీ లేచాను.

“మీరేమంటారు సార్?” అని అడిగారు.

నేను మా ఫ్యాక్టరీలో ఖాదర్ అనే మనిషి సంగతి ఒకటి చెప్పాను. మర్యాదగా విన్నారు. టీ వచ్చింది. టీ తర్వాత మళ్లీ నవలకే పోయారు. మెట్లు దిగేటప్పుడు హరిణి మాత్రం, “సార్, ఆ ఖాదర్ గారి కతంతా ఒకసారి రాసియ్యండి. ఈ సీజనుకు నేను షిఫ్టులోకి దిగతా ఉండాను” అంది.

అప్పట్నుంచి ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అందుకని నిలబడే రాస్తున్నాను. వంటింటి గట్టు ఎత్తు నాకు సరిపోయింది.

పని ఏమిటంటే

సీజను మూడు నెలలు. ఆ మూడు నెలలు మీ ఒంటికి ఒకటే వాసన. మొదటి వారం బాగుంటుంది. తోతాపురి కాయ మాగి, కడిగి, టెంక తీసి, గుజ్జై, మరిగి, డబ్బాలోకి పోతుంది. డబ్బాకు మూత పడుతుంది. తర్వాత డబ్బాలను వేడినీళ్లలో ఉడికించి, చల్లనీళ్లలో చల్లారుస్తారు. ఇందులో కెమిస్టు చేసే పని, నిజం చెప్పాలంటే, నడవడం. ఇక్కడ తీపి చూసి, అక్కడ పులుపు చూసి, మూతల దగ్గరికి పోయి, మళ్లీ మొదటికి రావడం. మధ్యలో కందిరీగలతో పరిచయం.

కాలేజీలో చెప్పని ముఖ్యమైన చోటు మూతల దగ్గర ఉంటుంది. అక్కడి మిషనును సీమర్ అంటారు. డబ్బా అంచునూ మూత అంచునూ ఒకదానిలో ఒకటి మడిచి, రోలర్లతో అదిమి మూసేస్తుంది. ఆ మడతే సీము. అది వెంట్రుకవాసి వదులైనా పైకి ఏమీ తెలియదు. డబ్బా చల్లారేటప్పుడు లోపలికి ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఊపిరితో నాలుగు చుక్కల నీళ్లు లోపలికి పోతాయి. పది రోజులకు గోడౌనులో డబ్బాలు పొట్టలు పెంచుకుని కూర్చుంటాయి. అందుకే అరగంటకొకసారి ఒక డబ్బా తీసి, సీము కోసి, మడత కొలిచి, రిజిస్టరులో రాయాలి.

రిజిస్టరు తెలుగులో ఉండేది. యజమానికి ఇంగ్లీషు రాదు. మిషను వెంట వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని ఏ గుమాస్తానో చాలాకాలం కిందట తెలుగు చేశాడు. అప్పట్నుంచి మా భాష అదే. యంత్రం శుభ్రపరచబడినది. వేడి గమనించబడినది. సీము సరిచూడబడినది. ఆ ఫ్యాక్టరీలో అన్నీ వాటంతట అవే జరిగిపోయేవి. మనుషులు ఉన్నట్టు రిజిస్టరులో ఎక్కడా ఆధారం లేదు.

పుస్తకం నడుముకు వచ్చేసరికి

రెండో సీజనులో నా సంచిలో అన్నం క్యారియరుతో పాటు అలాంటి నవల ఒకటి ఉండేది. హాస్టలు రోజుల్లో తీసుకుని తిరిగివ్వనిది. సగం చదివాను. సగం దాకా హీరో ఎప్పుడూ తప్పు చేయలేదు. మిగతా సగంలోనూ చేయడని తర్వాత తెలిసింది.

పుస్తకం నన్ను చెడగొట్టిందని చెప్పను. నేను చదివిన తీరు అలాంటిది. ఇరవై మూడేళ్లవాడికి అందులో ఎవరు తనో చెప్పాల్సిన పనిలేదు. పలమనేరు నుంచి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, లోకంలో ఆగిపోదామనేవాళ్లు, ముందుకు పోదామనేవాళ్లు అని రెండే జాతులున్నాయని తేల్చేసుకున్నాను. నేను ఏ జాతో కూడా తేల్చుకున్నాను. టిక్కెట్టు తీసుకోవడం మరిచిపోయి కండక్టరు చేత తిట్లు తిన్నది ఆ రోజే.

ఖాదర్

సీమర్ మీద ఉండేవాడి పేరు ఖాదర్. చిత్తూరు టౌను మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, మిషనుతో రెండూ. కొలిచే పరికరం నా దగ్గర ఉండేది. అతను మాత్రం చెవితోనే చూసేవాడు. రోలరు సరిగ్గా ఉంటే శబ్దం ఒకేరకంగా పడుతుందట. తప్పితే చివర చిన్న తోక వినిపిస్తుందట. ఆ తోక వినడానికి నేను రెండు సీజన్లు చెవి పెట్టాను. నాకు ఫ్యాక్టరీ అంతా వినిపించింది, తోక తప్ప.

ఆ రోజు పొద్దున షిఫ్టు. బయట కాయల ట్రాక్టర్లు, లారీలు మెయిన్ రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. పదకొండు గంటలప్పుడు ఖాదర్ చెయ్యెత్తి పిలిచాడు.

“సార్, మూత సరిగా కూసోలేదు. శబ్దం తేడా కొడ్తా ఉండాది. పావుగంట ఆపి సూస్తా.”

“బయట బండ్లు సూసినావా? రెండింటి దాకా లాగించు.”

“లాగితే లాగతాది సార్. మిషనుకేం రోషమా, మానమా? డబ్బాల సంగతి సెప్తా ఉండా.”

“ప్రతిదానికీ ఆపుదాం ఆపుదాం అంటే ఫ్యాక్టరీ ఎట్ల నడస్తాది ఖాదర్? సీము నేను సూసుకుంటా.”

ఖాదర్ నా మొహం చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని మిషను వైపు తిరిగాడు.

నేను చూసుకోలేదు. అవతల గుజ్జు మరిగే దగ్గర ఏదో ఇబ్బంది వచ్చి అటు పోయాను. రెండు గంటలకు వచ్చి, ఆ మూడు గంటలకు రాయాల్సిన ఆరు వరసలూ ఒకేసారి రాసేశాను. సీము సరిచూడబడినది. సంతృప్తికరం. ఆరుసార్లు. ఒకే సిరా, ఒకే చేతిరాత, ఆరింటిలోనూ ఒకే సంతృప్తి.

షిఫ్టు మారేటప్పుడు ఖాదర్ తనే మిషను ఆపి రోలరు బిగించాడు. పావుగంట కూడా పట్టలేదు.

వినబడలేదు

పదో రోజు గోడౌనులో వరసలు వరసలుగా డబ్బాలు ఉబ్బాయి. అన్నిటి మీదా కొట్టిన తేదీ, సమయం ఆ మూడు గంటలవే. గుంత తవ్వి పూడ్చారు. ఆ వాసన గురించి రాయను. మీకు ఎలాగూ తెలుస్తుంది.

యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. సోడా మిషనుతో మొదలుపెట్టి ఫ్యాక్టరీ దాకా వచ్చిన మనిషి. ఏటా జెండా పండగకు, “ఈ ఫ్యాక్టరీ నేనొక్కణ్ణే కట్టినా” అని మైకులో చెప్పేవాడు. గోడలు కట్టిన మేస్త్రీ, రేకులు వేసినవాళ్లు, బాయిలరు ఎక్కించినవాళ్లు ఎదురుగా నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు. ఇప్పటి కుర్రవాళ్లు చూసి ఉంటే నవల్లోంచి లేచి వచ్చాడని మురిసిపోయేవాళ్లు.

ఆయన మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. ముందు ఖాదర్‌ను అడిగాడు.

“సార్‌కు సెప్పినా సామీ. ఆపుదామన్నా. వొద్దన్నాడు” అన్నాడు ఖాదర్.

పెద్దాయన రిజిస్టరు తిప్పాడు. ఆరు వరసలూ వేలితో చదివాడు. నా వైపు చూశాడు.

“ఏమప్పా, సెప్పినాడా?”

నాకు ఒక క్షణం సమయం దొరికింది. దాన్ని సద్వినియోగం చేసుకున్నాను.

“మిషన్ల శబ్దంలో సరిగా వినబడలేదు సార్.”

ఇది అబద్ధమని మీరంటారు. అప్పుడు నాకు వ్యాకరణంలాగే అనిపించింది. వినబడలేదు అనే మాటలో వినాల్సినవాడు ఉండడు. తప్పంతా శబ్దానిది. ఖాదర్ నా వైపు చూడలేదు. గది కప్పు వైపు చూశాడు. ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి తీసేశారు.

ఇందులో పోయింది ఒక ఉద్యోగం మాత్రమే అయితే ఖాదర్‌కు వారంలో ఇంకొకటి దొరికేది. జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలకు కొదవ లేదు. కానీ డబ్బాలు ఉబ్బించిన సీమర్ మనిషిని ఎవరూ గేటు లోపలికి రానివ్వరు. మూడు రోజుల్లో అతనికి పేరు కూడా పెట్టేశారు. ఉబ్బు ఖాదర్. కాయలు దింపే లారీవాళ్లు ఆ పేరును పక్క ఫ్యాక్టరీకి, అక్కడి నుంచి ఆ పక్కదానికి మోసుకుపోయారు. చెవితో వెంట్రుకవాసి పట్టుకునే మనిషికి ఇక జిల్లాలో ఏ సీమర్ దగ్గరా నిలబడే వీలు లేకుండా పోయింది.

వెతుకులాట

తొమ్మిది రోజులు గడిచాయి. గొప్ప మథనం ఏమీ జరగలేదు. అన్నం తిన్నాను, నిద్రపోయాను. నిలకడ మాత్రం పోయింది. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. కొత్తగా వచ్చిన సీమర్ మనిషి మంచివాడు. ఏం చెప్పినా సరేననేవాడు. అది చూసి నాకు భయం వేసింది.

తొమ్మిదో రోజు అన్నం వేళ ఆ నవల తెరిచాను. హీరో తత్వం చెప్పే పన్నెండు పేజీలు వచ్చాయి. మొదటి పేజీలో ‘నేను’, రెండో పేజీలో ‘నేను’. వరసకు రెండు ‘నేను’లు. ఎందుకో నవ్వొచ్చింది. పక్కనే రిజిస్టరు ఉంది. అందులో నేను ఎక్కడున్నానో చూద్దామనిపించింది. మొదటి సీజను నుంచి వెనక్కీ ముందుకూ తిప్పాను. రెండు సీజన్లు, నా షిఫ్టువే మూడు పుస్తకాలు, అంతా నా చేతిరాతే. ఒక్క ‘నేను’ కూడా లేదు. గమనించబడినది, తీయబడినది, పారవేయబడినది. లోకాన్ని ఒంటిచేత్తో నడిపే జాతిలో నా పేరు వేసుకున్నాను గదా, ఆ జాతివాడు ఒక్క వరసలో కూడా సంతకానికి దొరకలేదు.

‘ఆపుదాం’ అన్నవాడు ఒక్కడున్నాడు. నలభై మంది చూస్తుండగా, తను కనిపెట్టిందాన్ని, తన నోటితో చెప్పినవాడు. బస్సులో నేను గీసుకున్న లెక్కలో అతన్ని ఆగిపోదామనేవాళ్ల జాతిలో వేశాను.

ఎవురి చేత?

పెద్దాయన గదిలోకి పోయి చెప్పాను. చెప్పాననడం కొంచెం ఎక్కువ. నిలబడి గొణిగాను. ఆయన కేకలు వేయలేదు. రిజిస్టరు తెప్పించి, ఆ రోజు పేజీ తీసి, కింద ఖాళీలో వేలు పెట్టాడు.

“నోటితో గాదు. ఈడ రాయి.”

రాశాను. ఆయన చదివాడు.

“సీము సరిచూడబడలేదు. అది డబ్బాలు సెప్పినాయి గదప్పా. ఎవురి చేత బడలేదు?”

“నా చేత సార్.”

“అది రాయి.”

నాచేత సరిచూడబడలేదు అని రాశాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“బియ్యెస్సీ సదివినావు. ఒక ‘నేను’ రాయడానికి ఇంత సేపా? నేను ఐదో తరగతి. నాకు ఆ ఒక్క మాట బాగా వొచ్చు.”

మూడోసారి రాశాను. ‘నేను సీము చూడలేదు. చూసినట్టు రాశాను. ఖాదర్ ఆపుదామన్నాడు. నేను వద్దన్నాను. అతను చెప్పింది నాకు వినబడింది.’

అక్షరాలు చిన్న పిల్లవాడివిలా ఉన్నాయి. పెద్దాయన ఆ పేజీని ఎప్పుడూ చించనివ్వలేదు. తర్వాత చేరిన ప్రతి కెమిస్టుకూ మొదటి రోజే చూపించేవాడు. నా రచనల్లో ఎక్కువమంది చదివింది అదే.

బాసుల గురించి నా అభిప్రాయం అడిగితే ఇదే చెబుతాను. ఆయన దురుసు మనిషి. మెప్పు కోసం మైకు పట్టుకునే మనిషి. కానీ తనకున్న ‘నేను’ ఎదుటివాడికి కూడా ఉండాలనుకున్నాడు. నవల్లో హీరోకు ఆ గుణం లేదు. నేను చివరిదాకా చదివే చెబుతున్నాను.

నన్ను ఎందుకు తీసేయలేదని ఆ కుర్రవాళ్లు అడిగారు. సీజను నడుమ కెమిస్టు దొరకడు. అది నా నిజాయితీకి దక్కిన బహుమానమని నేననుకోను.

“పోయి పిల్చుకోని రా” అన్నాడు పెద్దాయన. “నేను పిలిస్తే రాడు.”

మిక్సీల అంగడి

ఖాదర్ చిత్తూరులో తన బావమరిది మిక్సీలు బాగుచేసే అంగట్లో కూర్చుని, ఒక మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. నన్ను చూసి తీగ వదల్లేదు.

“ఏం సార్, సెవులు బాగైనాయా?”

“బాగైనాయి ఖాదర్.”

“ఎవురు సూసినారు? పుత్తూరులో కట్టు కట్టినారా?”

పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కడతారు. చెవులకు కట్టరని అతనికీ తెలుసు. బావమరిది నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు. నేను పెద్దాయన దగ్గర జరిగింది చెప్పాను. రాసిన వాక్యాలు కూడా చెప్పాను. ఖాదర్ చుట్లు లెక్కపెట్టుకుంటూనే విన్నాడు.

“ఇంట్లో ఏమంటున్నారో తెల్సునా సార్? మా చిన్నోడు ఇస్కూలు నుంచి వొచ్చి అడిగినాడు. అబ్బాజాన్, ఉబ్బు ఖాదర్ అంటే నువ్వేనా అని.”

అతని ఎదురుగా కింద కూర్చున్నాను.

“క్షమాపణ అడగతా ఉండా ఖాదర్.”

“అది గమ్మున పెట్టుకోండి సార్, దాంతో నాకేం పని? ఒకటి సెప్పండి. మళ్లీ తేడా కొడితే?”

“ఆపుదాం.”

“ఆపుదాం గాదు. నేను ఆపతా. మిమ్మల్ని అడగను. ఆపినాక ఎందుకాపినావని మీరు అడగగూడదు. సూసి, నేనే సెప్తా.”

“పెద్దాయన ఒప్పుకోవాల గదా.”

“ఆయప్పతో నేను మాట్లాడుకుంటా. ఆయప్ప మాట మొగం మీద అంటాడు. నేనడిగేది మీ సంగతి.”

ఒప్పుకున్నాను. అతను తీగ కొస కత్తిరించి, మోటారును గుడ్డలో చుట్టి బావమరిదికి ఇచ్చాడు. నేను ఫ్యాక్టరీలో అడిగి తెచ్చుకున్న బండి వెనక కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో దిగాక నేరుగా పెద్దాయన గదిలోకి పోయాడు.

ఆగిన మిషను

మర్నాడు పొద్దున పది దాటాక సీమర్ ఆగింది. ముందు దాని శబ్దం పోయింది. తర్వాత వెనక బెల్టు ఆగింది, ఆ వెనక గుజ్జు ఆగింది. చివరికి కాయలు కడిగే ఆడవాళ్లు కూడా చేతులు నీళ్లలోంచి తీసి ఇటు తిరిగారు. బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. నలభై మంది నన్ను చూస్తున్నారు. కెమిస్టు ఏమంటాడో చూద్దామని.

ఎందుకాపావనే మాట నా నోటి దాకా వచ్చింది. మింగాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పనిలో నేను నేర్చుకున్న వాటిలో అన్నిటికంటే కష్టమైనది అక్కడ ఊరకే నిలబడటం. హరిణీ, నీకు కూడా అదే కష్టమవుతుంది.

ఖాదర్ మిషను పైభాగం విప్పి, రోలరు తీసి, వెలుతురులో పట్టుకుని, వేలితో చుట్టూ తడిమాడు. రెండోది తీశాడు. దాన్నీ తడిమాడు. తిరిగి బిగించడం మొదలుపెట్టాడు.

“ఏమీ లేదు సార్. బాగుండాది. నాకే అనుమానమొచ్చింది.”

“సరే” అన్నాను.

అప్పుడే పైన గది కిటికీ తెరుచుకుంది. పెద్దాయన తల బయటికి వచ్చింది.

“ఎవుర్రా ఆపింది?”

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఖాదర్ పానా కింద పెట్టి, మిషను పక్కనుంచి రెండడుగులు బయటికి వచ్చి, అందరికీ కనబడేలా నిలబడ్డాడు.

“నేనే సామీ. ఖాదర్.”

పెద్దాయన అతన్ని చూశాడు, ఆగిన బెల్టును చూశాడు, గేటు బయట లారీలను చూశాడు. ఇంకేం అడగలేదు. తల లోపలికి తీసుకుని కిటికీ మూసుకున్నాడు. ఖాదర్ వెనక్కి తిరిగి పానా అందుకున్నాడు. ఇంకా రెండు బోల్టులు బిగించాల్సి ఉన్నాయి. అందరం ఆగాం.